బ్రాగిన్‌కి జలుబు చేసిన ఇల్లు

ఉప్పు వీధిలోని మా ఇంటి పైకప్పుకి ఉన్న కంతను సాంస్కృతిక వారసత్వ సంపదగా గుర్తిస్తున్నట్టు మా జ్వెనేవ్ నగర ఉప మేయర్ వెనియామిన్ అర్కాద్యెవిచ్ గారు నగర దినోత్సవం నాడు మైకు ముందు నిలబడి ప్రకటించారు. బ్యాండు వాయించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కంత కింద మంచం వేసుకుని పడుకునే అగ్నియా ల్వోవ్న కూడా కొట్టింది. జలుబు చేసి చెవుల్లో దూది పెట్టుకోవడం వల్ల ఆవిడకి ఒక్క ముక్కా వినపడలేదు. ఇంటికొచ్చే దారిలో నేను గట్టిగా అరిచి విషయం చెబితే, "పోన్లే సవేలిచ్, ఇన్నాళ్ళకి కప్పు బాగుచేస్తారన్నమాట," అని సంతోషించింది.

కంత గొప్పతనం తెలియాలంటే మా ఊరి గొప్పతనం తెలియాలి. మాకు తొమ్మిది వందల ఏళ్ళ చరిత్ర ఉంది. వోల్గా ఉంది, కోటగోడ ఉంది, బంగారు గుమ్మటాల చర్చిలున్నాయి. ప్రముఖుడే లేడు. నదికి అవతలి ఊరికి ఒక కవి, ఇద్దరు జనరల్స్ ఉన్నారు. దోసకాయలు ఊరేసే పీపాకి కొత్తరకం మూత కనిపెట్టినాయనకి విగ్రహం కూడా ఉంది. మా ఊళ్ళో పుట్టినవాళ్ళు ఇక్కడున్నంత కాలం గొప్పవాళ్ళు కాలేదు. గొప్పవాళ్ళయ్యాక ఇక్కడ పుట్టామని చెప్పుకోలేదు.

ఈ కొరత తీర్చిన మహాగాయకుడు ఇప్పొలిత్ బ్రాగిన్. జార్ల కాలంలో ఆయన కచేరీకి వచ్చి, అప్పట్లో హోటల్‌గా ఉన్న మా ఇంట్లో ఒక రాత్రి పడుకున్నాడు. ఆ రాత్రి వాన పడింది. కప్పు కారింది. మర్నాడు మా థియేటర్ స్టేజి మీద నోరు తెరిస్తే గోడలదిరే ఆ గొంతులోంచి పిల్లికూత వచ్చింది. ఆయన కోటు తగిలించుకుని తిన్నగా స్టేషన్‌కి పోయి, "ఈ ఊళ్ళో మళ్ళీ అడుగుపెట్టను," అన్నాడట. మాటంటే మాటే, పెట్టలేదు. మా ఊరి గురించి ఇంత ఖచ్చితమైన అభిప్రాయం చెప్పిన ప్రముఖుడు ఇంకొకరు లేరు కాబట్టి ఆయన్నే మావాణ్ణి చేసుకున్నాం.

నేను ఆ థియేటర్లోనే నటులకి గడ్డాలు అంటిస్తాను. ఇంట్లో కింది వాటా నాది, పై వాటా అగ్నియా ల్వోవ్నది. ఆవిడ మందుల షాపులో పనిచేసి రిటైరైంది. పుట్టగొడుగులు కూరిన రొట్టెలు బాగా చేస్తుంది, నాకు పెట్టకుండా తినదు. అందుకని ఆవిణ్ణి నేనే వెంటబెట్టుకుని ఉప మేయర్ గారి ఆఫీసుకి తీసుకెళ్ళాను. ఆయన లేచి నిలబడి ఎదురొచ్చారు. పెద్దవాళ్ళంటే ఆయనకి అంత గౌరవం.

"నాయనా, కప్పు ఎప్పుడు బాగుచేస్తారు?" అని అడిగింది ఆవిడ.

ఉప మేయర్ గారి ముఖంలో రంగులు మారాయి. "బాగుచెయ్యడమా? అగ్నియా ల్వోవ్నా, ఆలోచించి మాట్లాడండి. బ్రాగిన్ పడుకున్న మంచం ఏమైంది?"

"యుద్ధంలో పొయ్యిలో పెట్టారు."

"గోడ కాగితాలు?"

"మా అమ్మ మార్పించింది."

"చూశారా. మహానుభావుడు వచ్చి వెళ్ళాడనడానికి మిగిలిందల్లా ఆ కంత ఒక్కటే. అది కూడా పూడ్చేస్తే ఆయనకి మన ఊళ్ళోనే జలుబు చేసిందనడానికి ఆధారం ఏదీ? రేపు అవతలి ఊరివాళ్ళు, జలుబు మా దగ్గర చేసిందంటే నేనేం చెప్పాలి?"

"నా మంచం తడుస్తోంది నాయనా."

"బ్రాగిన్ మీద పడ్డ చుక్క మీ మీద పడుతోంది. మాస్కోలో దీనికి టికెట్ కొనుక్కుంటారు."

"వాళ్ళనొచ్చి పడుకోమను. నేను వంటింట్లో సర్దుకుంటాను."

ఇందులో మంచి ఆలోచన ఉందని ఉప మేయర్ గారు మెచ్చుకున్నారు. వారం తిరక్కుండా మా ఇంటి తలుపుకి ఇత్తడి బోర్డు వచ్చింది. 'ఇందలి ఏ వస్తువునూ తాకరాదు, మార్చరాదు, తొలగించరాదు' అని రాసి, కింద ఆయన సంతకం కూడా చెక్కించారు. అగ్నియా ల్వోవ్న ప్లాస్టిక్ బకెట్ తీసేసి మ్యూజియం నుంచి తెచ్చిన రాగి పళ్ళెం పెట్టారు. వానరోజుల్లో స్కూలు పిల్లల్ని తీసుకొచ్చి ఆవిడ గదిలో వరసగా నిలబెట్టేవారు. గైడు ముందు కంతను చూపించేది, తరవాత పళ్ళేన్ని, ఆ తరవాత దుప్పటి కప్పుకుని దగ్గుతున్న అగ్నియా ల్వోవ్నని. "ఈవిడ నేటి నివాసి. దగ్గు మాత్రం ఆనాటిదే," అనేది. ఆవిడకి నవ్వొచ్చేది. నవ్వితే ఇంకా దగ్గొచ్చేది.

ఆగస్టు చివర్లో డాక్టర్ వచ్చి వీపు మీద తట్టి చూసి, నన్ను వరండాలోకి పిలిచాడు. "ఊపిరితిత్తులు చెమ్మెక్కాయి. ఈ శరత్కాలం కూడా ఆ తడిమంచం మీదే పడుకుంటే వసంతం చూడదు," అన్నాడు. గదిలోకి వెళ్తే ఆవిడ, "డాక్టర్ ఏమన్నాడు? నేను పోతే ఆ మంచం మీద ఎవర్ని పడుకోబెడతారో కనుక్కున్నావా?" అంది.

ఆ ఆదివారం ఊరంతా తోటల్లో బంగాళాదుంపలు తవ్వుకోవడానికి పోయింది. నేను అటక మీంచి కప్పెక్కాను. మా థియేటర్లో ఉరుము చప్పుడు కోసం ఊపే పెద్ద తగరపు రేకు ఒకటుంది. ఈ సీజన్లో వేసే నాటకాలన్నీ ఎండలోనే జరుగుతాయి. రేకు ఖాళీగా ఉంది. దాన్ని కంత మీద పరిచి గట్టిగా మేకులు దిగ్గొట్టాను.

రెండు రోజులకి వాన పడింది. పొద్దున్నే అగ్నియా ల్వోవ్న కిందికొచ్చి, "సవేలిచ్, రాత్రంతా నిద్ర పట్టలేదు," అంది.

"ఏం, కారిందా?"

"కారలేదు. ఆ చప్పుడు లేకపోతే ఏదోలా ఉంది." కాసేపు టీ గ్లాసు చేతుల మధ్య తిప్పుకుని, "పొడి దుప్పటి ఎంత తేలిగ్గా ఉంటుందో మరిచిపోయాను," అంది. ఆవిడ కళ్ళు తడిశాయి. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే మాస్కో నుంచి కమిషన్ వస్తోందని తెలిసింది. కంత నచ్చితే మాకు 'ప్రముఖుల నగరం' అనే బిరుదు, ఉప మేయర్ గారికి గవర్నర్ ఆఫీసులో కుర్చీ. కమిషన్ పెద్ద పేరు రోగ్నెదా పావ్లొవ్న. సంగీతంలో ఆవిడ చెవి అంటే దేశమంతా హడలు. చెయ్యి తిరిగిన వయొలిన్ విద్వాంసులు ఆవిడ తుమ్మితే వాయించడం ఆపేస్తారట.

వాళ్ళొచ్చిన రోజు ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు. ఉప మేయర్ గారు ప్రకృతి మీద ఆధారపడే రకం కాదు. పెరట్లో కనబడకుండా ఫైరింజన్ నిలబెట్టించి నా దగ్గరికొచ్చారు.

"సవేలిచ్, వాన నేను చూసుకుంటాను. మీ థియేటర్లో ఉరుముందిగా, పట్రా."

"ఉరుము రిపేరు పనిలో ఉందండీ," అన్నాను. అబద్ధం ఆడలేదు.

"మీ థియేటర్‌కి బాధ్యత లేదు," అని ఆయన బాధపడ్డారు.

రోగ్నెదా పావ్లొవ్న నల్ల శాలువా కప్పుకుని వచ్చి మంచం పక్కన కుర్చీలో కూర్చుంది. వెనక కమిషన్ సభ్యులు నిలబడ్డారు. అగ్నియా ల్వోవ్న మంచం మీద దుప్పటి మెడదాకా లాక్కుని నావైపు చూసింది. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. కంత మూసేశారని బయటపడితే ఈ సాయంత్రమే రేకు పీకేస్తారు.

"దీన్ని చూడకూడదు, వినాలి," అంది రోగ్నెదా పావ్లొవ్న. "అందరూ కళ్ళు మూసుకోండి."

అందరూ మూసుకున్నారు. పెరట్లోంచి నీళ్ళు లేచి కప్పు మీద పడ్డాయి. రేకు ఒక్కసారిగా ఉరిమింది. నా ఉద్యోగ జీవితంలో అంత మంచి ఉరుము వినలేదు. "భేష్," అన్నాడొక సభ్యుడు. ఉప మేయర్ గారు పొంగిపోయి నావైపు చూసి, ఎలాగో పట్టుకొచ్చావన్నమాట అన్నట్టు కన్ను కొట్టారు.

కానీ చుక్క పడలేదు. ఉరుముతూనే ఉంది, చుక్క లేదు. ఉప మేయర్ గారు కంత వైపు చూశారు, పళ్ళెం వైపు చూశారు. ముఖం పాలిపోయింది. మునివేళ్ళ మీద నడిచొచ్చి పళ్ళెం మీదకి వంగి లోపలికి తొంగి చూశారు. గవర్నర్ ఆఫీసు కుర్చీ ఆయన కళ్ళముందు ఎటో కొట్టుకుపోతూ ఉండాలి. నుదుటి మీద పుట్టిన చెమట ముక్కు మీదుగా జారి, కొసన కాసేపు వేలాడి, రాగి పళ్ళెంలో పడింది.

టప్.

రోగ్నెదా పావ్లొవ్న మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. "ఎంత బాధ ఉంది ఈ చుక్కలో," అంది. "మహాగాయకుడు ఎందుకు పారిపోయాడో ఇప్పుడు తెలిసింది."

బిరుదు అక్కడికక్కడే వచ్చేసింది. "ఇవాళ ఎలా ఉందో ఎప్పటికీ అలాగే ఉండాలి. ఒక్క మేకు కదలకూడదు," అని చెప్పి ఆవిడ రైలెక్కింది.

మరుక్షణం ఉప మేయర్ గారు అటకెక్కారు. దిగినప్పుడు టోపీకి సాలెగూడు ఉంది. "ఆ రేకు ఎవరు కొట్టారో తరవాత తేలుస్తాను. ముందు పీకెయ్," అన్నారు.

నేను ఆయన్ని తలుపు దగ్గరికి తీసుకెళ్ళి ఇత్తడి బోర్డు చదివి వినిపించాను. సంతకం కూడా చదివాను. ఆయన చట్టాన్ని గౌరవించే మనిషి. జేబురుమాలుతో సంతకం మీద దుమ్ము తుడిచి వెళ్ళిపోయారు.

ఆ తరవాత మాస్కో నుంచి అతిథులు రావడం మొదలైంది. రోగ్నెదా పావ్లొవ్న వాళ్ళని వెంటబెట్టుకుని వచ్చేది. మొదటిసారి ఉప మేయర్ గారు అగ్నియా ల్వోవ్న దగ్గరున్న కంటిమందు డ్రాపర్‌తో కుళాయి నీళ్ళు వేసి చూశారు. రోగ్నెదా పావ్లొవ్న మొహం చిట్లించి, "ఇది ఆ చుక్క కాదు. ఇందులో బాధ లేదు," అంది. ఉప మేయర్ గారే వంగాల్సి వచ్చింది. ఆయన వెళ్ళిపోతే చుక్క ఆగిపోతుందని గవర్నర్ ఆఫీసు కుర్చీ వేరే ఎవరికో ఇచ్చేశారు. అయినా ఆయన కుంగిపోలేదు. నగరం కోసం నెలకి ఎన్నిసార్లయినా వంగుతానన్నారు.

చలికాలం వచ్చింది. వోల్గా గడ్డకట్టింది. చలిలో చెమట ఎక్కడ పడుతుంది? అందుకని నగరపాలక సంస్థ అత్యవసరంగా సమావేశమై, అగ్నియా ల్వోవ్న గదికి కొత్త హీటర్లు, కిటికీలకి రెండేసి అద్దాలు, గోడలకి దళసరి ఉన్ని మంజూరు చేసింది. ఆవిడ దగ్గు తగ్గింది. ముఖానికి నిగారింపు వచ్చింది.

మొన్న వచ్చిన బృందం చాలా పెద్దది. అందరూ కళ్ళు మూసుకుని నిలబడ్డారు. కుర్చీలో రోగ్నెదా పావ్లొవ్న. పళ్ళెం మీద ఉన్నికోటు, బొచ్చుటోపీ, మఫ్లరు వేసుకుని ఉప మేయర్ గారు వంగి ఉన్నారు. గది పొయ్యిలా ఉంది. ఎంతసేపైనా ముక్కు పొడిగానే ఉంది. బహుశా అలవాటు పడిపోయి ఉంటారు. ఆయన బేలగా అగ్నియా ల్వోవ్న వైపు చూశారు.

ఆవిడ వెచ్చటి మంచం మీద కూర్చుని మేజోళ్ళు అల్లుకుంటోంది. అల్లడం ఆపకుండానే ఆయన చెవి దగ్గరికి వంగి, జాలిగా, మెల్లగా చెప్పింది.

"నాయనా, కింద ఆడిట్ వాళ్ళు వచ్చారు."

టప్.

"ఇదీ," అంది రోగ్నెదా పావ్లొవ్న కళ్ళు తెరవకుండానే, "అదే చుక్క."