ఎలుగ్గొడ్డును చూసిందెవరు?

ఆ ఉదయం గణపతిరావు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కమిటీ వచ్చేసరికి తరగతిలో పాఠం చెబుతూ కనిపించాలి. అరకు లోయలోని ఆ డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రానికి ఉన్నది ముగ్గురే విద్యార్థులు. ఈ శాఖ అవసరమా అని తేల్చడానికే కమిటీ వస్తోంది. అవసరం లేదంటే మాస్టారికి మైదానానికి బదిలీ. అప్పుడు క్వార్టర్సు వెనక పెంచుకుంటున్న తేనెటీగల పెట్టెను ఎక్కడికని మోసుకుపోతారు? ఆయనకు పాఠం ఒక కన్నయితే ఆ పెట్టె రెండో కన్ను.

చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా రెండో కన్ను కాస్తా ఎగిరిపోయింది. గుంపు మొత్తం పెట్టె వదిలి కాలేజీ వైపు సాగింది. పళ్ళెం మోగిస్తే ఈగలు దగ్గర్లోనే వాలతాయని మాస్టారు ఎవరో అనగా విన్నారు. నిజమో కాదో విచారించే తీరిక లేక, పళ్ళెం, గరిటె పట్టుకుని బాదుతూ వాటి వెనక పరిగెత్తారు.

దిగువ కాఫీ తోటలో ఉన్న చిన్నమ్మలు ఆ మోత వింది. పొద్దున్నే ఎవరైనా పళ్ళెం అంతలా బాదుతున్నారంటే ఆమెకు తెలిసిన కారణం ఒక్కటే.

"ఒరే బుధూ! ఎలుగ్గొడ్డురా! మాస్టారి ఇంటికాడ!"

బుధు తన వంతుగా దానికి పిల్లల్ని కలిపాడు. "పిల్లల తల్లి, మా సెడ్డ కోపంగుంది" అని టీ కొట్టు నీలవేణికి చెప్పాడు. నీలవేణి దగ్గర్నుంచి ఊళ్ళోకి చేరేసరికి అది మాస్టారి చొక్కా చింపేసింది.

"ఒంటరి మనిషి! బేగి పదండి!" అంటూ కర్రలతో, డప్పులతో ఊరంతా కొండెక్కింది.

కమిటీ అధ్యక్షురాలు ప్రసన్న కారు దిగేసరికి ఎదురుగా పళ్ళెం బాదుతూ మాస్టారు, ఆయన వెనక కర్రలెత్తిన జనం. "ఏమిటిదంతా?" అని ఆమె అడిగేలోపే నీలవేణి చెయ్యి పట్టి లాగింది.

"ఎలుగ్గొడ్డమ్మా! ముందు లోపలికి రా!"

మాస్టారు దొరికారు, అదే చాలనుకుని అందరూ దగ్గర్లోని గదిలో దూరి గడియ వేశారు. అది తత్వశాస్త్రం గది.

ఆయాసం తీరాక ప్రసన్న అడిగింది. "ఇంతకీ దాన్ని చూసిందెవరు?"

"నాకు బుధు సెప్పాడు" అంది నీలవేణి.

"నాకు సిన్నమ్మలు సెప్పింది" అన్నాడు బుధు.

"నేను సూడ్నేదు. పళ్ళెం మోత ఇన్నాను" అంది చిన్నమ్మలు.

అందరూ పళ్ళెం వైపు తిరిగారు. మాస్టారు దాన్ని వీపు వెనక దాచారు. నిజం చెబితే, పాఠం వదిలి ఈగల వెంట పడ్డాడని శాఖ పోతుంది. కానీ చెమటలు కారుతున్న ఆ ముఖాలు చూస్తూ అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"ఎలుగు లేదు. నా తేనెటీగలు లేచిపోయాయి" అన్నారు. తర్వాత మెల్లగా, "అంటే... మీరంతా నా కోసం ఎలుగ్గొడ్డుకి ఎదురొచ్చారా?"

"మరేటి మాస్టారూ, మిమ్మల్ని దానికొదిలేత్తామా?" అంది చిన్నమ్మలు, ఇందులో అడగాల్సిందేముందన్నట్టు.

కృతజ్ఞత మీద గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చిన మనిషికి కళ్ళు నిండిపోయాయి. పళ్ళెంతో సహా చేతులెత్తి దండం పెట్టారు.

ప్రసన్న గదంతా కలియజూసింది. "ఇవాళ్టి పాఠం ఏమిటి సార్?"

"విన్నమాటను ఎప్పుడు నమ్మాలి, అని."

"అయితే అయిపోయినట్టే. ఇక్కడ విద్యార్థులు లేరన్నారే, కూర్చోడానికి చోటే లేదు!"

"మా గుంట సోనిని ఈడనే సేర్పిత్తానమ్మా" అంది చిన్నమ్మలు. "ఎవులేటి సెప్పినా 'నువ్వు సూసినావా' అని అడగడం నేర్పుతారు కదా!" మా పిల్లల్ని కూడా అంటూ వెనక నుంచి ఇంకొన్ని చేతులు లేచాయి.

సాయంత్రం మాస్టారు పెట్టె మూత తీస్తే ఖాళీ. ఈగలు అనంతగిరి వైపు పోయాయని బుధు చెప్పాడు.

"నువ్వు చూశావా?"

"లేదు మాస్టారూ, నీలవేణి సెప్పింది."

శాఖ నిలిచింది, మాస్టారు నిలిచారు. బదిలీ అయింది తేనెటీగలకే.