ఐదో సీటులో డేగిసా

కొండెక్కేటప్పుడు మనిషిని కింద వదిలేసినా ఫరవాలేదు, బిర్యానీ డేగిసాని మాత్రం వదలకూడదు!

నవ్వకండి. ఆషామాషీగా అంటున్న మాట కాదిది. మొన్న ఒమాన్ నేషనల్ డే సెలవులకి జబల్ అఖ్దర్ కొండ మీద టెంటు వేసుకుని, ప్రకృతి ఒడిలో ఒక పగలూ ఒక రాత్రీ గడిపి, ఆ ప్రకృతి వైపు కన్నెత్తి కూడా చూడకుండా క్షేమంగా మస్కట్ తిరిగొచ్చిన అనుభవంతో అంటున్నాను.

ఈమధ్య కొందరు బయల్దేరారు. కొండకి వెళ్తే వీపున ఒక చిన్న సంచీ, అందులో రెండు రొట్టెలు, ఒక నీళ్ళ సీసా చాలంటారు. దాన్ని హైకింగ్ అంటారట. అలాంటి వాళ్ళని నేను కళ్ళారా చూశాను. కర్రలు పట్టుకుని రాళ్ళ మీద నడుస్తారు, మధ్యలో ఆగుతారు, నోరు మూసుకుని లోయలోకి చూస్తూ నిలబడతారు. ఎంతసేపు చూస్తారో వాళ్ళకే తెలీదు! పాపం, తినడానికేమీ లేదు కాబట్టి చూస్తున్నారు. డేగిసా ఉన్న జాతికి ఆ ఖర్మేమిటి చెప్పండి?

అసలు ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో ముందు చెప్పాలి. దెబోరా అక్క కోసం.

దెబోరా అక్కది బాపట్ల. ఇక్కడ ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. హమ్రియాలో మా పక్క ఫ్లాటే. మా బిల్డింగులో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆమె తలుపు కొట్టి, తగ్గకపోతేనే డాక్టరు దగ్గరికి వెళ్తాం. ఒకప్పుడు ఆమె వార్డులో తుంటి ఎముక విరిగిన ఒమానీ ముసలమ్మ ఒకావిడ చాలాకాలం ఉంది. ఆవిడది జబల్ అఖ్దర్ పైన ఒక పల్లె. సూది గుచ్చినప్పుడల్లా ఆవిడ ఏడవకుండా తన ఊరి గురించి చెప్పేదట. చలి మొదలయ్యే రోజుల్లో అక్రోటు చెట్లు పసుపు రంగుకి తిరుగుతాయనీ, మెట్టుమెట్టుగా ఉన్న తోటలన్నీ వెలిగిపోతాయనీ, ఒక్కసారి వచ్చి చూడమనీ.

బాపట్ల వైపు సరుగుడు తోటలకీ కొబ్బరి చెట్లకీ రంగులు మార్చే ఓపిక ఎక్కడిది? అందుకే అక్కకి ఆ మాట మనసులో పడిపోయింది. ఏటా వెళ్దామనుకోవడం, ఏటా డ్యూటీ పడటం, సెలవు దొరికేసరికి ఆకులు రాలిపోవడం. ఇప్పుడు వీసా క్యాన్సిల్ చేయించుకుని మొత్తానికే ఇంటికి వెళ్ళిపోతోంది.

"తమ్ముడూ, వెళ్ళేలోపు ఆ ఆకులు ఒక్కసారి చూపించు," అంది నాతో. ఇన్నాళ్ళ పరిచయంలో ఆమె నన్ను అడిగింది ఇదొక్కటే.

నేను వెంటనే ఇనాయత్‌కి ఫోన్ చేశాను. ఇనాయత్‌ది కడప, రుసైల్‌లో ఒక గోడౌన్‌కి ఇన్‌చార్జి. అతనికి ఫోర్ బై ఫోర్ బండి ఉంది. జబల్ అఖ్దర్ ఎక్కాలంటే అది ఉండి తీరాలి. కింద పోలీసు చెకింగ్ ఉంటుంది, మామూలు కార్లని ఎక్కనివ్వరు. ఇనాయత్ ఆనందంగా ఒప్పుకున్నాడు. అయిదు సీట్లు, మేము అయిదుగురం. ఇనాయత్, అతని భార్య ఇక్బాలున్నీసా, నేను, నా భార్య అబిగైల్, దెబోరా అక్క. ఇంత చక్కగా కుదిరిన లెక్క ఎప్పుడైనా చూశారా?

ఆ లెక్కలో డేగిసా లేదు. కడప మనుషుల్ని పిక్నిక్‌కి పిలిచి డేగిసాని లెక్కలో వేసుకోకపోవడం ఎంత అజ్ఞానం!

తెల్లారి చూస్తే ఇనాయత్ బండి వెనక భాగమంతా నిండిపోయింది. టెంటు, చాపలు, గ్యాస్ సిలిండర్, రెండు స్టవ్వులు, మడత టేబుల్, పాటల స్పీకర్, ఆ స్పీకర్‌కి జనరేటర్, ఒక ఉల్లిపాయల బస్తా. బస్తా ఎందుకని అడిగాను. "పైన దొరకవు భాయ్," అన్నాడు. నిజమే, కొండ మీద ఉల్లిపాయలు దొరకవు. కొండ మీద దొరికేవాటి గురించి అడిగిన వాళ్ళెవరూ లేరు.

అక్కడ చోటు చాలక డేగిసా మాత్రం నా చిన్న కారులో ఎక్కింది. మూత అంచు చుట్టూ గోధుమపిండి పూసి, దమ్ పోకుండా మూసిన వేడి వేడి డేగిసా. కింద తువ్వాలు, పైన తువ్వాలు. వెనక సీట్లో దాని పక్కన దెబోరా అక్క. మలుపు వచ్చినప్పుడల్లా అది పక్కకి ఒరక్కుండా రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. మస్కట్ నుంచి కొండ కింది బర్కత్ అల్ మౌజ్ దాకా ఆ చేతులు తియ్యలేదు. రోగిని అంబులెన్సులో తీసుకెళ్తున్నంత జాగ్రత్త!

చెకింగ్ దగ్గర నా కారు పక్కన పెట్టి, అందరం ఇనాయత్ బండిలోకి మారాలి. అప్పుడు బయటపడింది అసలు సంగతి. అయిదు సీట్లు, ఆరు ప్రాణాలు.

"ఒళ్ళో పెట్టుకుంటాలే," అన్నాను.

"యాడ పెట్టుకుంటావు భాయ్, కాలిపోతావు!" అన్నాడు ఇనాయత్. "పైకి పోయే దారి నిట్టనిలువుగా ఉండాది. డేగిసా వంగిందంటే దమ్ అంతా పోతాది. దానికి సీటు కావాల, బెల్టు కావాల."

పోలీసాయన వచ్చి, బెల్టు పెట్టుకుని కూర్చున్న డేగిసాని చూసి, ఇదేమిటని అరబ్బీలో అడిగాడు. "బిర్యానీ," అన్నాడు ఇనాయత్ గర్వంగా. ఆయన నవ్వాడు. నవ్వుతూనే, సీటుకి ఒక్కరే అని వేలు చూపించాడు. రూల్ ఈజ్ రూల్!

మరి ఎవరు దిగాలి? ఇనాయత్ దిగడానికి లేదు, బండి నడిపేది అతనే. ఇక్బాలున్నీసా దిగడానికి లేదు, మూత ఎప్పుడు తియ్యాలో తెలిసింది ఆమెకే. అబిగైల్ దిగబోయింది కానీ పెరుగుపచ్చడి గిన్నె ఆమె ఒళ్ళో ఉంది. ఇక నేను. దిగుదామనే అనుకున్నాను. అనుకోవడం పూర్తయ్యేలోపే దెబోరా అక్క దిగిపోయింది.

"నేనుంటాను లేండి. అలవాటే కదా నిలబడటం," అంది.

"ఒక్క గంట, అక్కా! వీళ్ళని దింపేసి, నేనే వచ్చి నిన్ను తీసుకపోతా," అన్నాడు ఇనాయత్. మనస్ఫూర్తిగానే అన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు.

అలా ఆకులు చూడాలనుకున్న మనిషి కింద, ఆకులంటే ఏమిటో తెలీని డేగిసా పైకి. ఇందులో తప్పేముందండీ? ఆకులు ఇవాళ కాకపోతే రేపు రాలతాయి. బిర్యానీ చల్లారిందంటే మళ్ళీ ఆ రుచి రాదు. ఏది ముఖ్యమో చిన్నపిల్లలు కూడా చెప్తారు!

ఇక కొండ మీది సౌఖ్యం వినండి. ఊరంతా అక్కడే ఉంది. కేరళ వాళ్ళు, పాకిస్తానీలు, మన కరీంనగర్ వాళ్ళు, అందరూ ఎవరి గిన్నెలు వాళ్ళు దించుకుంటున్నారు. చదునుగా కనబడిన మొదటి చోటే బండి ఆపాం. అక్కణ్ణించి కొంచెం నడిస్తే లోయ అంచు అని ఎవరో చెప్పారు. నడవడమెందుకు? లోయ ఎక్కడికి పోతుంది!

చాపలు పరిచాం. స్పీకర్ పెట్టాం. పక్కవాళ్ళ స్పీకర్ వినబడకుండా మాది పెంచాం. మాది వినబడకుండా వాళ్ళు పెంచారు. పక్షులు ఎప్పుడో వేరే కొండకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని ఉంటాయి. డేగిసాని ఎత్తయిన రాయి మీద నిలబెట్టి, వెనక కొండలు వచ్చేలా ఫోటోలు తీశాం. కొండలు మరీ ఎక్కువ పడుతున్నాయని ఇనాయత్ దగ్గరికి జరిపించాడు.

అంతలో మేకలొచ్చాయి. కొండమేకలు! వాటికి భయం లేదు, భక్తి లేదు. నలుగురం డేగిసా చుట్టూ కోటగోడలా నిలబడ్డాం. అబిగైల్ చాప విసిరింది. ఇక్బాలున్నీసా గరిటె తిప్పింది. నేను రెండు చేతులూ చాపి ఒక మేకకి అడ్డంగా నిలబడ్డాను. అది నా మొహంలోకి చూస్తూ తాపీగా నములుతోంది. దాని నోటి పక్కన సగం బయటికి వేలాడుతూ ఒక ఆకు, మేలిమి పసుపు రంగులో! నేను చూస్తుండగానే అది కూడా లోపలికి వెళ్ళిపోయింది.

ఒమాన్‌లో నేను చూసిన శరత్కాలం మొత్తం అదే.

అప్పటికి ఇనాయత్ చెప్పిన గంట ఎప్పుడో దాటింది. బండి తీద్దామని వెళ్ళాడు. ముందు నాలుగు బండ్లు, వెనక నాలుగు బండ్లు, వాటి డ్రైవర్లు ఎక్కడో గిన్నెల దగ్గర ఉన్నారు. అతని మొహం చిన్నబోయింది. నేను పళ్ళెం పక్కన పెట్టాను. అక్కకి ఫోన్ చేశాను.

"ఎండలో నిలబడ్డావా అక్కా?"

"లేదు తమ్ముడూ, నేను పైకి వచ్చేశాను."

"ఎలా? ఎక్కడున్నావు?"

"చెకింగ్ దగ్గర ఎవరో కుర్రాడు బండి ఆపి, ‘సిస్టర్ దెబోరా!’ అని అరిచాడు. మా ముసలమ్మ మనవడు. నన్ను గుర్తుపట్టాడు. వాళ్ళ ఇంటికి తీసుకొచ్చేశాడు. మీ ఎదురుగానే ఉన్నాను, లోయకి ఇవతల. మీ డేగిసా తళతళా మెరుస్తోంది, బాగా కనబడుతోంది. ఇందాక అటు మేకలొచ్చాయా ఏమిటి? అందరూ ఎగురుతూ కనబడ్డారు!"

అప్పుడు మొదటిసారి నలుగురం లోయ అంచు దాకా నడిచాం. అవతల, మెట్లుమెట్లుగా ఉన్న తోటల్లో, పసుపు మసకలో, చిన్న చుక్కలా ఎవరో చెయ్యి ఊపుతున్నారు. మేమూ చేతులెత్తాం. సరిగ్గా చూసేలోపే వెనక మూత కింద పడిన చప్పుడైంది. పరుగెత్తాం!

ఆ రాత్రి మేకల భయానికి డేగిసాని టెంటులో పడుకోబెట్టి మేం నలుగురం బండిలో కూర్చుని నిద్రపోయాం. క్యాంపింగ్ అంటే త్యాగం.

పొద్దున్న కిందికి దిగేసరికి అక్క నా కారుకి ఆనుకుని నిలబడి ఉంది. ఆ కుర్రాడే దింపి వెళ్ళాడట. కాళ్ళ దగ్గర ఒక అట్టపెట్టె, నిండా అక్రోట్లు, దానిమ్మలు, పైన పరిచిన పసుపు ఆకులు. కారెక్కి, ఖాళీ డేగిసాని మళ్ళీ రెండు చేతులా పట్టుకుంది. అలవాటు.

"ఎలా ఉంది అక్కా?" అని అబిగైల్ అడిగింది.

"ముసలమ్మ ఇప్పుడు ఒక్కతే నడవలేదు. చెయ్యి పట్టుకుని చెట్టు దాకా తీసుకెళ్ళాను. కింద కూర్చున్నాం. ఆకులు మీద పడుతూ ఉన్నాయి. ఇద్దరం దులుపుకోలేదు," అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎండ కళ్ళలో పడిందని అద్దాలు పెట్టుకున్నాను.

అయినా నా సిద్ధాంతం మారలేదండోయ్! డేగిసా గొప్పతనం ఎయిర్‌పోర్టులో మరోసారి రుజువైంది.

అక్క వెళ్ళే రోజు ఇక్బాలున్నీసా వచ్చింది, డేగిసాతో సహా. కడపలో వాళ్ళ చెల్లెలింట్లో శుభకార్యమట. ఈ డేగిసాలో వండితేనే అందరికీ సరిపోతుందట, అంత బరకత్ ఉందట దీనికి. అక్క హైదరాబాద్‌లో దిగగానే ఇక్బాలున్నీసా తమ్ముడు ఉమర్ వచ్చి తీసుకుంటాడట. గల్ఫ్‌లో ఉన్న వాళ్ళకి తెలుసు, ఎవరైనా ఊరెళ్తుంటే ఆ మనిషి మనిషి కాదు, లగేజీ! డేగిసా లోపల ఇంకో నలుగురి పార్సిళ్ళు కూడా సర్ది ఉన్నాయి.

కాటా మీద పెట్టారు. బరువు ఎక్కువైంది. ఏదో ఒకటి తియ్యాలి అంది కౌంటర్ అమ్మాయి.

అందరి కళ్ళూ అట్టపెట్టె మీదికి వెళ్ళాయి. తియ్యమని అనక్కర్లేదు కదా! ఆకులూ కాయలే కదా! అక్క ఎప్పటిలాగే తనంతట తనే తీసేస్తుందని మాకు గట్టి నమ్మకం.

అక్క ఆ పెట్టె మీద చెయ్యి వేసింది. వేసి, తియ్యలేదు.

"ఇక్బాల్, డేగిసా దిగుతుంది," అంది.

ఇక్బాలున్నీసా ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత అక్కని గట్టిగా వాటేసుకుని ఏడ్చింది. "మాఫ్ చెయ్యి అక్కా, ఆ దినమే దింపాల్సింది దాన్ని," అంది.

డేగిసా ప్రస్తుతం మా ఇంట్లోనే ఉంది. శుభకార్యం వేరే గిన్నెతో జరిగిపోయిందట, ఎవరూ ఆకలితో లేవలేదట. ఆ అబద్ధం నేను నమ్మను.

కొండ మీద ఇంకా కొన్ని ఆకులు మిగిలాయని అక్క ఫోన్లో చెప్పింది. ఆమెకి ముసలమ్మ మనవడు రోజూ ఫోటోలు పంపుతున్నాడు. అందుకని వచ్చే శనివారం మేం నలుగురం మళ్ళీ బయల్దేరుతున్నాం. ఐదో సీటుకి బెల్టు పెట్టి ఖాళీగా ఉంచాలని ఇనాయత్ తీర్మానించాడు.

డేగిసాని వదిలి వెళ్తామా? ఛ! అంత కృతఘ్నులం కాదు. చెకింగ్ దాకా నా కారులో వస్తుంది. అక్కడ దింపుతాం, అక్క నిలబడిన చోటే. ఒక్క గంటలో వచ్చి తీసుకెళ్తామని దానికి ఇనాయతే చెప్తాడు.

చెప్పడంలో అతనికి అనుభవం ఉంది.