నిండు పియాలా

బావమరిది హోషిమ్ మూడేళ్ల తర్వాత ఇంటికి వస్తానన్నాడు. మార్గిలాన్‌లో రిటైరైన పంతులు తుర్గున్ ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే: వేడి రొట్టె, గ్రీన్ టీ, ఓ గంట కబుర్లు. భార్య పోయిన నలభయ్యో నాడు ఇద్దరూ విసురుకున్న మాటలు ఆ గంటలో చల్లారాలి. ఇది తప్పితే హోషిమ్ మరి గడప తొక్కడు. తన చేతులు వణుకుతాయని, టీ పోసే పని తాష్కెంట్ నుంచి కూతురు పంపిన రోబోకు అప్పగించాడు.

హోషిమ్ కూర్చోగానే రోబో పియాలా అనే చిన్న టీ గిన్నెను అంచుదాకా నింపి ముందు పెట్టింది. అతను దిగ్గున లేచాడు.

"సగం పోస్తే ఉండమని, నిండా పోస్తే తాగి దయచెయ్యమని. నాకు తెలీదనుకున్నావా బావా? నోటితో అనలేక మర చేత అనిపిస్తావా?"

"అయ్యో, దానికేం తెలుసు హోషిమ్‌జాన్! కూర్చో."

"క్షమించండి, సరిదిద్దుతాను," అంటూ రోబో మరో పియాలాలో రెండు చుక్కలు పోసింది.

"పిసినారితనం కూడా నేర్పావే!" హోషిమ్ గుమ్మం దగ్గర ఒక కాలికి జోడు తొడిగేశాడు.

"ఇకపై పొరపాటు జరగదు," అని మాటిచ్చి, రోబో మొదటి నిండు పియాలాను గుమ్మం దాకా తీసుకెళ్లి అందించింది.

"ఇదిగో, సాగనంపుతోంది కూడా!"

తుర్గున్ దాన్ని ఆపే మీట కోసం తడుముకున్నాడు. "నిన్ను నమ్మడం నాదే తప్పు. నిండా పొయ్యమని ఎవరు నేర్పారే నీకు?"

"మీరే. రోజూ నిండా పోసుకుంటారు. మళ్లీ పోసేవాళ్లు లేరుగా అంటారు. ఈ ఇంటి పద్ధతి అదే అనుకున్నాను."

తుర్గున్ రొట్టె మీది గుడ్డ సర్దాడు. హోషిమ్ తొడిగిన జోడు నెమ్మదిగా విప్పాడు.

"మీట నొక్కకు బావా. అది తప్పు చేసింది, ఎందుకు చేసిందో చెప్పింది. మూడేళ్లలో మనిద్దరికీ అది చేతకాలేదు." రోబో వైపు తిరిగాడు. "ఇలా రావే. సగమే పొయ్యి. అయిపోగానే మళ్లీ పొయ్యి."

"అలాగైతే చాలాసార్లు రావాలి," అంది రోబో.

"రావాలనే సగం. ముందు బావకి పొయ్యి."

తన వంతు మొదటి పియాలాను హోషిమ్ వెలుతురుకు పట్టి కొలిచాడు. రెండోదాన్ని ఓరగా చూశాడు. మూడోది చూడకుండానే తాగాడు.

మధ్యాహ్నానికి రోబో ఛార్జింగ్ అయిపోయింది. హోషిమ్ కబుర్లు అవలేదు.