ఇరవై ఎంబీల పాఠం

శనివారం పొద్దున టీచరమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా వీడియో పంపేయడం, తర్వాత సాయంత్రం దాకా కాళ్ళు చాపుకుని పడుకోవడం.

వీధి చివరి స్కూల్లో చిన్నపిల్లల టీచరు ఉద్యోగం ఖాళీ పడింది. ఆరేళ్ళుగా ఆవిడ రెండు బస్సులు మారి ఊరవతల బడికి పోతోంది. ఇది వస్తే నడిచి వెళ్ళొచ్చు. కావలసిందల్లా అయిదు నిమిషాల పాఠం వీడియో. ఇరవై ఎంబీలు దాటకూడదు, శనివారం సాయంత్రం అయిదులోపు స్కూలు వెబ్‌సైటులో పెట్టాలి. శుక్రవారం తన క్లాసు పిల్లల చేత చేపపాట పాడించి, ఎగిరించి, గెంతించి, తోటి టీచరు చేత వీడియో తీయించింది. పాఠం బ్రహ్మాండంగా వచ్చింది. ఫైలు మాత్రం పద్దెనిమిది వందల ఎంబీలు ఉంది.

"అదెంతసేపు? నేను చూసుకుంటాగా," అన్నాడు భర్త.

టీచరమ్మ భయపడింది ఆ మాటకే. ఆయన నీటిపన్ను ఆఫీసులో గుమాస్తా. రెండేళ్ళ కిందట తోటి ఉద్యోగి ఒకాయన రిటైరైతే, ఫొటోలన్నీ వరసగా గుచ్చి వెనక వేణువు పెట్టి వీడియో చేశాడు. అది చూసి ఆ రిటైరైనాయన ఏడ్చాడు. అప్పట్నుంచి ఆఫీసులో ఈయన్ని 'ఎడిటర్ గారూ' అంటున్నారు. ఇంట్లో ఎవరూ అలా పిలవకపోయినా ఈయన పలుకుతూనే ఉన్నాడు.

"తమ్ముణ్ణి అడుగుదామండీ. వాడు రోజూ చేసే పనేగా," అంది ఆవిడ. తమ్ముడు స్టూడియోలో నిజం ఎడిటరు. అందుకే భర్తకి ఆ మాట రుచించలేదు.

"ఇంతమాత్రానికి వాడెందుకు? ఫోర్‌కే అంటే సినిమా తెరంత బొమ్మ, దాని సైజు తగ్గిస్తే క్వాలిటీ పోతుంది. సైజు ముట్టుకోను. బిట్‌రేటు తగ్గిస్తా."

బిట్‌రేటంటే సెకనుకి ఎంత డేటా వాడాలన్న లెక్క. ఆయన దాని పీక నులిమాడు. కంప్యూటరు గంటసేపు ఆయాసపడి పద్దెనిమిది ఎంబీల వీడియో ఇచ్చింది. అందులో పిల్లలందరూ గళ్ళదుప్పట్లు కప్పుకుని గెంతుతున్నట్టున్నారు. టీచరమ్మ మొహం ఎక్కడుందో టీచరమ్మకే తెలియలేదు.

"నా ముక్కేదండీ?"

"కదిలావు కాబట్టి పోయింది. వెనక బీరువా చూడు, ఎంత స్పష్టంగా ఉందో."

"ఉద్యోగం బీరువాకి కాదుగా."

ఆయన వినిపించుకోలేదు. సెకనుకి ముప్పై బొమ్మలు దండగ, అయిదు చాలన్నాడు. ఇంకో గంట పోయింది. ఈసారి ఆవిడ బోర్డు దగ్గర మాయమై కిటికీ దగ్గర తేలింది. గెంతిన పిల్లలు గాల్లోనే ఉండిపోయారు. పన్నెండయింది. టీచరమ్మ ఇక ఊరుకోలేక భర్త ఫోనే తీసి, తమ్ముడి నంబరు కలిపి, ఆయన చెవికి ఆనించింది.

"బావా, కదిలేవి ఎక్కువుంటే డేటా ఎక్కువ కావాలి, కదలనివాటికి తక్కువ చాలు. అందుకని నువ్వు ముందు..."

"అర్థమైందిలే," అని భర్త ఫోను పెట్టేశాడు. మొహం వెలిగిపోయింది. "విన్నావా? తప్పు సెట్టింగుది కాదు, పాఠానిది. నువ్వు కదలకుండా మళ్ళీ చెప్పు."

టీచరమ్మ నెత్తి కొట్టుకుంది. కానీ గడియారం చూస్తే వేరే దారి కనబడలేదు. ఎదురింటి పిల్లలు ముగ్గుర్ని, పైఅంతస్తు పిల్లలు ఇద్దర్ని పిలుచుకొచ్చారు. భర్త ఫ్యాను కట్టేశాడు, కర్టెన్లు ఊడదీశాడు, గోడగడియారం దింపేశాడు. తన ఫోను మోగకుండా నోరు నొక్కి బీరువాలో పెట్టాడు. మూలన కూర్చున్న తల్లి దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, అయిదు నిమిషాలు కదలకు."

"ప్రాణం ఉన్నది కదలదట్రా?" అందావిడ. అయినా కొడుకు మొహం చూసి బిగుసుకుంది.

"కదలకుండా కూర్చున్నవాళ్ళకి నా ఫోను అరగంట ఇస్తా," అన్నాడు పిల్లలతో. అయిదుగురూ ఊపిరి బిగబట్టారు.

టీచరమ్మ ఏనుగు కథ మొదలుపెట్టింది. చెయ్యి ఎత్తకుండా ఏనుగు తొండం ఎత్తిందని చెప్పడం ఎంత నరకమో చెప్పినవాళ్ళకే తెలుసు. రెప్ప వేసినప్పుడల్లా భర్త ఆవిడ ఫోను కెమెరా వెనక నుంచి గుడ్లురుముతున్నాడు. నాలుగో నిమిషంలో ఎదురింటావిడ పిల్లల కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఉక్కలో చెమటలు కారుతూ, కళ్ళు తెరుచుకుని, అయిదుగురు పిల్లలూ ఒక ముసలావిడా కొయ్యబారి ఉన్నారు.

"నా బిడ్డలకేం పెట్టారమ్మా?" అని కేక పెట్టి, చిన్నవాడి భుజాలు పట్టి కుదిపేసింది.

"కదపకమ్మా, ఓడిపోతాను," అన్నాడు వాడు పళ్ళ బిగువున.

ఆవిడకి నచ్చజెప్పడానికి ముప్పావుగంట పట్టింది. రెండోసారి తీసి, ఎక్కించేసరికి నాలుగూ యాభై ఆరు. పద్నాలుగు ఎంబీలు. భర్త కాలర్ సర్దుకున్నాడు. పందెంలో అయిదుగురూ నెగ్గారు కాబట్టి ఫోను రెండున్నర గంటలు ఊరేగి, ఏడున్నరకి చచ్చీచెడీ ఇల్లు చేరింది. అందులో పన్నెండుంబావుకి తమ్ముడు పంపిన సందేశం ఉంది. 'బావా, పూర్తిగా వినకుండా పెట్టేశావు. ముందు బొమ్మ సైజు ఫోర్‌కే తీసేసి 480 పెట్టు. మిగతావి ముట్టుకోకు. చక్కగా వస్తుంది.'

టీచరమ్మ శుక్రవారం వీడియో మళ్ళీ తెరిచింది. తనే కూర్చుని 480 పెట్టింది. నాలుగు నిమిషాల్లో పంతొమ్మిది ఎంబీలు వచ్చింది. చేపపాట, గెంతే పిల్లలు, తన ముక్కు, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. చూస్తుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆరేళ్ళుగా ఎక్కుతున్న రెండు బస్సులూ ఇక జన్మంతా తనవేననిపించింది. ఆదివారమంతా భర్తతో ఉప్పు, గ్లాసు, తలుపు లాంటి ఒంటిమాటలే మాట్లాడింది.

సోమవారం సాయంత్రం ఏడింటికి ప్రిన్సిపాల్ ఫోను చేసింది.

"ఇరవై మూడు వీడియోలు చూశానమ్మా. అన్నిట్లోనూ పాటలు, గెంతులు. గెంతడం మా పిల్లలకి ఒకరు నేర్పాలా? మీ వీడియో నాలుగుసార్లు చూశాం. అయిదు నిమిషాలు ఒక్క పిల్లాడూ రెప్ప వెయ్యలేదు. ఆ మూలనున్న పెద్దావిడ కూడా. ఎలా చేశారు?"

టీచరమ్మ భర్త వైపు చూసింది. ఆయన కాలర్ మీద చెయ్యి వేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఇంట్లోవాళ్ళ సహకారం, మేడం."

"బి సెక్షన్ మీకే ఇస్తున్నాం. ఆ క్లాసులో ఈ ఏడాదే ఇద్దరు టీచర్లు మానేశారు. రేపే వచ్చేయండి."

మర్నాడు ఆవిడ నడిచే వెళ్ళింది. తలుపు తీసేసరికి ఒకడు బల్ల మీద, ఇద్దరు బల్ల కింద, మిగతావాళ్ళు గాల్లో ఉన్నారు.

మొత్తం ముప్పై ఎనిమిది మంది, ఫుల్ సైజు, ఏ సెట్టింగుకీ లొంగే రకం కాదు.