నూటెనిమిది అభిప్రాయాల కారు

గోడకు కొట్టి చూడకుండా ఏ కారూ రోడ్డెక్కకూడదని ప్రభుత్వం చట్టం చేసింది. ఆ చట్టం వల్ల చిన్న తయారీదారు కంట నీరు రాకూడదని మళ్ళీ ప్రభుత్వమే సంకల్పించింది. ఈ రెండో సంగతి ప్రకటించడానికి చిన్న తయారీల శాఖ మంత్రి జైల్స్ ఫెన్విక్ గారు మార్చి నెలలో ఒక మంగళవారం పొద్దున లింకన్‌షైర్‌లోని హాల్డ్‌బీకి వానలో స్వయంగా వేంచేశారు.

మంత్రిగారు ఎంచుకున్న చిన్న తయారీదారు పేరు విల్ఫ్ గార్సైడ్. వయసు అరవై ఎనిమిది. ఒకప్పుడు బంగాళాదుంపలు నిలవచేసిన షెడ్డులో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా స్టోట్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేస్తున్నాడు. ముంగిసకు దూరపు చుట్టమైన ఒక జంతువు పేరది. దాన్ని కారుగా అమ్మడు. పదకొండు పెట్టెల్లో విడిభాగాలు, వాటితో ఒక పుస్తకం ఇస్తాడు. కొన్నవాడు తన గరాజులో బిగించుకోవాలి. బిగించడానికి ఏడాది పడుతుందని పుస్తకంలో ఉంది. సగటున తొమ్మిదేళ్ళు పడుతోంది. ఏడాదికి మూడు చొప్పున ఇప్పటికి నూట పద్నాలుగు అమ్మాడు. సీట్లు అతని భార్య డాట్ కుడుతుంది.

మంత్రిగారు కెమెరాల కోసం స్టోట్‌లో కూర్చున్నారు. కూర్చోవడానికి రెండు నిమిషాలు పట్టింది.

"అద్భుతం," అన్నారు. "ఇది కారు కాదు, బ్రిటన్ గుండె. సీటు మాత్రం కాస్త వెనక్కి ఉంటే బాగుండేది."

"సార్, నాదొక సందేహం," అన్నాడు విల్ఫ్. "తయారీదారు ప్రతివాడూ నాలుగు కార్లు మీ పరీక్షా కేంద్రంలో గోడకు కొట్టించాలన్నారు. నేను ఏడాదికి చేసేది మూడు."

"చూశారా!" మంత్రిగారు కెమెరాల వైపు తిరిగారు. "ఉత్పత్తి పెంచండి, పెంచండి అని మేము మొత్తుకునేది ఇందుకే."

"నాలుగు గోడకు కొట్టిస్తే నేను షెడ్డు మూసుకోవాలి సార్."

"మూసుకోనిస్తామా? మినహాయింపు ఉంది. ఏ కారుకు అభిమానులున్నారో ఆ కారును గోడ ముట్టదు. అభిమానుల అభిప్రాయమే మాకు శాసనం. అందర్నీ రాయమనండి. వాళ్ళంతా ఒక్క మాట మీద, ఇదీ మా కారు అంటే చాలు."

అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని మంత్రిగారిని బ్రిటన్ గుండెలోంచి బయటికి లాగారు.

వారం తిరక్కముందే శాఖ నుంచి ఇమొజెన్ బ్లైత్ అనే అధికారిణి ఫారాల కట్ట తెచ్చింది. ఫారంలో ఉన్నది ఒకే ప్రశ్న. 'మీ కారు గురించి మీ అభిప్రాయం రాయండి. స్థలం చాలకపోతే అదనపు కాగితాలు జతచేయండి.'

డాట్ ఆ ఫారాన్ని రెండుసార్లు చదివింది.

"కొంప మునిగింది విల్ఫ్."

"ఇందులో ఏముందే మునగడానికి?"

"అదనపు కాగితాలు ఉన్నాయి. నీ దగ్గర కార్లు కొన్నవాళ్ళని నువ్వు ఎరగవా?"

విల్ఫ్ స్టోట్ యజమానుల సంఘం కార్యదర్శి నైజెల్ ట్రాంటర్‌కు ఫోన్ చేశాడు. నైజెల్ 1994 నుంచి తన కారు బిగిస్తున్నాడు. ఎవరు అడిగినా "దాదాపు అయిపోయింది" అంటాడు. సంఘంలో నూటెనిమిది మంది ఉన్నారు. రోడ్డు మీద తిరిగే కార్లు ముప్ఫై ఒకటి. తక్కినవన్నీ దాదాపు అయిపోయాయి.

"నైజెల్, అందరూ ఒకే ముక్క రాయాలి. 'స్టోట్ బాగుంది. ఉన్నదున్నట్టు ఉండనివ్వండి.' అంతకుమించి ఒక్క అక్షరం వద్దు."

"దానికేం భాగ్యం? శనివారం మీటింగు పెడతాను," అన్నాడు నైజెల్. ఒక్క క్షణం ఆగి, "ఉన్నదున్నట్టు అంటే, ఏ అద్దంతో?" అని అడిగాడు.

విల్ఫ్ ఫోను పెట్టేశాడు.

1997లో పొడుగువాళ్ళు తలకు గాలి కొడుతోందంటే విల్ఫ్ ముందు అద్దాన్ని రెండంగుళాలు ఎత్తుచేశాడు. ఆనాటి నుంచి సంఘం రెండుగా చీలింది. ఊరి హాల్లో పాత అద్దంవాళ్ళు కిటికీల వైపు, కొత్త అద్దంవాళ్ళు టీ బల్ల వైపు కూర్చుంటారు. టీ బల్ల కొత్త అద్దంవాళ్ళకు దక్కడం మీద కూడా ఒక ఫిర్యాదు నడుస్తోంది.

శనివారం హాలు నిండింది. విల్ఫ్ లేచి నిలబడ్డాడు.

"ఒక్క వాక్యం రాయండి చాలు. అందరిదీ ఒకే వాక్యం అయితే బతుకుతాను. లేదంటే క్రిస్మస్‌కల్లా షెడ్డుకు తాళం."

"నీ షెడ్డుకు తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు," అన్నాడు కిటికీల వైపు నుంచి పళ్ళ డాక్టరుగా రిటైరైన ఒకాయన. "మేమంతా నీ వెనకే ఉన్నాం. అయితే విల్ఫ్, నిజం మాట్లాడుకుందాం. నీ స్టీరింగు తప్పు. నేను పదహారు మిల్లీమీటర్లు కిందికి దించాకే అది కారైంది. ఆ సంగతి ప్రభుత్వానికి తెలియాలా వద్దా?"

"దించావు సరే, డాష్‌బోర్డుకి ఆ చెక్క తాపడమేంటయ్యా? మంగలిషాపులా ఉంది," అని టీ బల్ల వైపు నుంచి ఒకడు.

"నువ్వు మాట్లాడకు. నీ దాంట్లో ఉన్నది జపాన్ ఇంజను."

"నాది స్టార్టవుతుంది."

"అదే తప్పంటున్నా!"

నైజెల్ పానాతో బల్ల మీద కొట్టాడు. ఆ సందడిలో బెరిల్ ఔత్‌వెయిట్ చెయ్యెత్తింది. ఆమె భర్త పోయాక ఆయన కారును తనే బిగించుకుని, రోజూ అందులోనే చేపల కొట్టుకు వెళ్ళొస్తుంది.

"నేను రాసేశాను. 'బాగుంది. ఉండనివ్వండి.' విల్ఫ్ చెప్పినట్టే."

"నువ్వు చల్లగా ఉండాలి బెరిల్," అన్నాడు విల్ఫ్.

"కింద చిన్న ముక్క కలిపాను. హీటరు నేనే పెట్టుకున్నానని. నువ్వు పెట్టలేదని ఫిర్యాదు కాదు. నిజం నిజమే కదా."

"ఎన్ని కాగితాలైంది?"

"తొమ్మిది. గొట్టాల బొమ్మలు కూడా వేశాను."

విల్ఫ్ రెండు వైపులా కలయజూశాడు. "నేనిచ్చిన పుస్తకం చూసి బిగించినవాళ్ళు మీలో ఒక్కరైనా ఉన్నారా?" అని అడిగాడు.

కిటికీల వాళ్ళూ టీ బల్ల వాళ్ళూ ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఒకే చూపు చూశారు.

"పుస్తకం చూసి ఎవడైనా బిగిస్తాడు విల్ఫ్," అన్నాడు నైజెల్. "దానికి అభిమానులెందుకు?"

జూన్‌లో ఇమొజెన్ మళ్ళీ వచ్చింది. డాట్ టీ ఇచ్చి బిస్కెట్ల పొట్లం విప్పింది.

"మొత్తం రెండువేల తొమ్మిదివందల పేజీలండీ," అంది ఇమొజెన్. "అన్నీ చదివాం. మంత్రిగారి ఆదేశం. అందరూ స్టోట్‌ను ప్రాణంగా చూసుకుంటున్నారు. మీకు మినహాయింపు వచ్చింది."

విల్ఫ్ కుర్చీలో కూలబడ్డాడు. డాట్ కూర్చోలేదు.

"మీకు అన్నావు. కారుకు అనలేదేమమ్మా?"

"కారు దొరకలేదండీ," అంది ఇమొజెన్. "నూటెనిమిది మంది రాశారు. ఏ రెండు కార్లూ ఒకటి కాదు. కొలతలతో, బొమ్మలతో, సంతకాలతో రుజువు చేశారు. స్టోట్ అనేది ఒకటి ఉన్నట్టు మాకు ఆధారం కనపళ్ళేదు. అందుచేత గార్సైడ్ గారు తయారీదారు కిందికి రారు. పెట్టెలమ్మే దుకాణం. దుకాణానికి గోడతో పనిలేదు."

"మరి తయారీదారు ఎవరు?" అన్నాడు విల్ఫ్.

"నూటెనిమిది మందీనండీ. ఒక్కొక్కరూ తమ నమూనా కార్లు నాలుగేసి గోడకు కొట్టించాలి. అందాకా ఉన్నవి రోడ్డెక్కకూడదు. ఉత్తరాలు నిన్ననే వెళ్ళాయి."

"ఇంకా బిగించనివాళ్ళకి కూడానా?"

"తయారీ మొదలైతే తయారీదారే."

డాట్ బిస్కెట్ల పొట్లం మీద లెక్క వేసింది. "నాలుగొందల ముప్ఫై రెండు కార్లు. ఏడాదికి మూడు. నూట నలభై నాలుగేళ్ళ పని. అన్ని సీట్లు కుట్టాలంటే నాకు కొత్త కళ్ళజోడు కావాలి విల్ఫ్."

ఇమొజెన్ ఆ అంకెను తన పుస్తకంలో శ్రద్ధగా రాసుకుంది. లేచేముందు గొంతు తగ్గించి ఒక మాట చెప్పింది. "ముప్ఫై రోజుల్లో అప్పీలు పెట్టుకోవచ్చు. మా కార్లన్నీ ఒకటే అని ఒక్క వాక్యం మీద నూటెనిమిది సంతకాలూ ఉంటే చాలు. ఒక్కటి తగ్గినా చెల్లదు."

గురువారం రేడియోలో మంత్రిగారి ప్రసంగం వచ్చింది. "మేము అధికారంలోకి వచ్చేనాటికి హాల్డ్‌బీలో స్పోర్ట్స్ కార్ల తయారీదారు ఒక్కడంటే ఒక్కడు. ఇవాళ నూటెనిమిది మంది! నూట నలభై నాలుగేళ్ళకు సరిపడా ఆర్డర్లు! ఇంతకంటే ప్రగతి ఏం కావాలి?" సభ దద్దరిల్లింది. డాట్ రేడియో కట్టేసింది.

ఆ మధ్యాహ్నమే బెరిల్, నైజెల్ షెడ్డుకు వచ్చారు. బెరిల్ చేతిలో చేపల సంచి ఉంది. బస్సులో వచ్చింది.

"గంటకొక బస్సు," అంది. "అదీ ఎక్కడైనా ఆగితే గంటన్నర."

విల్ఫ్ బల్ల మీద కాగితం పరిచాడు. అందులో 'మా కార్లన్నీ ఒకటే. విల్ఫ్ గార్సైడ్ చేసిన స్టోట్' అని ఉంది. కింద ఒకటి నుంచి నూటెనిమిది వరకు గీతలు కొట్టి ఉన్నాయి.

బెరిల్ చదివింది. "హీటరు..." అని ఆగింది. సంచి కింద పెట్టి, చెయ్యి కోటుకు తుడుచుకుని సంతకం చేసింది.

"శభాష్," అంది డాట్. "నువ్వు పెట్టు నైజెల్. కార్యదర్శి సంతకం చూస్తే తక్కినవాళ్ళు దారికొస్తారు."

నైజెల్ కలం తీసుకున్నాడు. ఆ ఒక్క వాక్యాన్ని చాలాసేపు చదివాడు. బయట వాన మొదలైంది.

"అన్నీ ఒకటే అని రాయాలా?"

"రాయడం నేను రాశాను," అన్నాడు విల్ఫ్. "నువ్వు సంతకం పెడితే చాలు."

"కిటికీల వైపు వాళ్ళకి నేనేం మొహం చూపించను?"

"వాళ్ళ మొహాలు రోజూ బస్సులో చూస్తావు," అంది బెరిల్.

నైజెల్ కలాన్ని కాగితం మీద ఆనించాడు. మళ్ళీ ఎత్తాడు. మూత బిగించి బల్ల మీద పెట్టాడు.

"నాకు నాలుగు సెట్లు రాసుకో విల్ఫ్."

"గోడకు కొట్టడానికా?"

"గోడకే."

విల్ఫ్ ఆర్డర్ల పుస్తకం తీసి పేరు రాశాడు. "అద్దం కొత్తదే ఉంది. పాతది చెయ్యాలంటే అచ్చు మళ్ళీ పోయాలి, ఆర్నెల్లు. పగలగొట్టేదానికి ఏదైతేనేం, కొత్తది వేసెయ్యనా?"

నైజెల్ బెరిల్ వైపు చూశాడు, డాట్ వైపు చూశాడు.

"పాతది," అన్నాడు.