ముంచితేనే తేలే పడవ

ఆ ఉదయం సిక్స్‌టెన్ పెట్టుకున్న పని మామూలుదే. కాఫీ తాగి, రేవుకు వెళ్ళి, తన పడవను తానే ముంచాలి.

ఎండిపోయిన పాత తెరచాప పడవకు స్వీడన్‌లోని ఒరుస్ట్ దీవిలో తాతల నాటి నుంచి ఉన్న వైద్యం అదే. రెండు వేసవులు గట్టున పడి ఉండి పలకలు కుంచించుకుపోయాయి. శీతాకాలమంతా సందుల్లో నార కూరి, తారు పూసి, చేతనైనంత చేశాడు. మిగిలింది నీళ్ళు చేయాలి. మూడు రోజులు మునిగి ఉంటే చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి.

గడువు పెట్టింది భార్య యోర్డిస్. "మిడ్‌సమ్మర్ పండక్కి అది తేలిందా, ఉంచుకుందాం. లేదా రుట్గెర్‌కి ఇచ్చేస్తా" అని చెప్పి నిన్ననే పెట్టె సర్దుకుని పట్నం వెళ్ళింది. పట్నంలో రుట్గెర్‌కు హోటలుంది. పడవ నిండా మంచు పోసి, దాని మీద రొయ్యలు పేర్చి, వచ్చేవాళ్ళకు వడ్డించాలని అతని కోరిక. సిక్స్‌టెన్‌కు ఆ రొయ్యలు కలలోకి వస్తున్నాయి. అన్నీ అతని వైపే చూస్తుంటాయి.

పడవను నాలుగు తాళ్ళతో రేవుకు కట్టాడు. అడుగున ఉన్న బిరడా పీకాడు. పడవ ఆవులించినట్టు నోరు తెరిచి, మెల్లగా మెడలోతు నీళ్ళలో కూర్చుంది. తడిసిన బూట్లు, టోపీ రేవు చెక్కల మీద ఆరబెట్టి, బిరడా పోకుండా ఒక బూటులో దాచి, వెనక దారిన ఉత్త కాళ్ళతో ఇంటికొచ్చాడు. నీళ్ళు తోడే పాత పంపు కోసం అటక ఎక్కాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏ సంగతీ ఎవరికీ చెప్పే అలవాటు లేదతనికి.

అటక కిటికీలోంచి చూస్తే రేవు మీద పక్కింటి మైవోర్ కనిపించింది. ఆమె మునిగిన పడవను చూసింది. బూట్లను చూసింది. టోపీ ఎత్తి గుండెలకు హత్తుకుంది.

"పెళ్ళాం నిన్న పెట్టె పట్టుకుని పోయింది. ఇవాళ ఇతను ఇలా" అని ఆమె ఏడుపు అటక దాకా వినిపించింది.

సిక్స్‌టెన్ నిర్ఘాంతపోయాడు. కిందికి దిగి చెబుదామనుకున్నాడు. కానీ తన కోసం ఏడుస్తున్న మనిషి ఎదుట నిలబడి ఏమని మొదలుపెట్టాలి? ఆ మొదటి మాట వెతుక్కునేలోపు పదిమంది పోగయ్యారు. ఇద్దరు నీళ్ళలోకి దిగి పడవ గదంతా తడిమి, అతను అందులో మరిచిపోయిన కాఫీ ఫ్లాస్కు పైకి తెచ్చారు.

"ఇంకా వేడిగానే ఉంది" అన్నాడొకడు. అందరూ టోపీలు తీశారు.

రక్షణ పడవకు ఫోన్ వెళ్ళింది. ఆలస్యమైన కొద్దీ సిక్స్‌టెన్‌కు బతికుండటం మరింత మర్యాద తక్కువగా తోచింది. ఇంతలో మైవోర్ తన దగ్గరున్న తాళంచెవితో ఇల్లు తెరిచి, అతని పెరటి స్తంభానికున్న నీలం పసుపు జెండాను సగానికి దించింది. అతను కిటికీ నుంచి వెనక్కి తగ్గాడు. తన సొంత జెండా.

పరామర్శకు చేరిన వాళ్ళకు వంటింట్లో కాఫీ మరుగుతోంది. కింద మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"మనిషి బంగారం."

"బంగారమే గానీ చేతిపని సున్నా. ఆ సందులు చూశావా? పిల్లి దూరుతుంది" అన్నది వడ్రంగి టూరె గొంతు.

సిక్స్‌టెన్ కోపంతో నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు. చచ్చినవాడు వాదించకూడదని గుర్తొచ్చి వెనక్కి తీశాడు.

కబురందుకుని అప్పుడే రుట్గెర్‌తో పాటు అతని కారులోంచి యోర్డిస్ దిగింది. ఆమె ఇంట్లోకి రాలేదు. తిన్నగా రేవుకు వెళ్ళింది. నాలుగు ముళ్ళూ చూసింది. బూటులో చెయ్యి పెట్టి బిరడా బయటికి తీసింది. దాన్ని చూడగానే నీళ్ళు తోడే పంపు ఎక్కడుంటుందో గుర్తొచ్చి, అందరినీ దాటుకుంటూ అటక ఎక్కింది. ముఖం పాలిపోయి ఉంది.

"పడవని ముంచావు, సరే. నన్నెందుకు ముంచావు?" అంది గుసగుసగా.

"చెబుదామనే అనుకున్నా."

"ఎప్పుడు? నా దినానికా?" ఆమె కూలబడింది. "దారంతా ఒకటే అనుకుంటూ వచ్చా. రొయ్యల కోసం మొగుణ్ణి చంపుకున్నానే అని."

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కింద రుట్గెర్ ఎవరితోనో అంటున్నాడు: "పాపం, ఏమీ అనుకోకండి గానీ, మనిషి పోయిన పడవలో పెడితే నా రొయ్యలెవరు తింటారు? నాకిక ఆ పడవొద్దు."

యోర్డిస్ తల ఎత్తింది. కళ్ళు తుడుచుకుంది.

"రక్షణ పడవ వాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తా" అంది లేస్తూ. "రుట్గెర్ వెళ్ళేదాకా మాత్రం నువ్వు చచ్చే ఉండు."

మిడ్‌సమ్మర్ నాడు పడవ చుక్క నీరు పట్టకుండా తేలింది. టూరె వంగి సందులన్నీ వేలితో తడిమి, పొడిగా ఉన్న వేలిని చూసుకున్నాడు. అంత ఏడిపించి, పరామర్శకు వచ్చేవాళ్ళ కోసమని కేకు కూడా చేయించి బతికున్నందుకు మైవోర్ ఆ రోజు నుంచి సిక్స్‌టెన్‌తో మాట్లాడటం మానేసింది. ఆ సంగతి అతను మరుసటి శీతాకాలంలో గమనించాడు.