మేనమామ కాంటెస్సాకు వెడల్పు చక్రాలు

ఆ ఉదయం అబ్రహాము వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. మేనకోడలు అబిగయీలును తన పాత కాంటెస్సాలో పది గంటలకల్లా చర్చి దగ్గర దించాలి, అంతే. తండ్రి లేని పిల్ల. "మామా, నా పెళ్లికి నీ కారులోనే తీసకపోవాల" అని ఆరేళ్లప్పుడు అడిగితే సరేనన్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ మాట మీదే ఉన్నాడు.

అక్కడితో ఆగితే ఆయన అబ్రహాము ఎందుకవుతాడు? కారుకూ పెళ్లికళ రావాలని, ముందురోజు మెకానిక్ ఆండ్రూను ఇంటికి పిలిపించి నాలుగు వెడల్పు చక్రాలు, లావు టైర్లు వేయించాడు. నడిపి చూడమంటే తాను ఎక్కలేదు. ఎక్కితే చక్రాల అందం ఎట్లా కనబడుతుంది? బక్కపలచని ఆండ్రూ చేత వీధిలో రెండు చుట్లు తిప్పించి, తాను అరుగు మీద నిలబడి మురిసిపోయాడు.

తానొకటి తలిస్తే టైరొకటి తలిచింది. తెల్లారి వెనక సీట్లో పెళ్లికూతురు, ఆమె తల్లి పుష్పకుమారి, అబ్రహాము భార్య ఏసుమణి కూర్చున్నారు. చిట్టమూరు దాటీ దాటకముందే కుడిపక్క బర్రుమని చప్పుడు, వెంటనే కాలిన రబ్బరు వాసన.

"ఏందన్నా ఈ కంపు?" అంది పుష్పకుమారి.

"కొత్త టైర్లు గదమ్మా. అట్నే ఉంటాది."

కాసేపటికి పొగ కూడా వచ్చింది. దిగి చూస్తే టైర్లు మడ్‌గార్డుకు రాసుకుంటున్నాయి. ఆండ్రూకు ఫోన్ చేశాడు.

"బరువుకు బాడీ దిగుతున్నట్టుందన్నా. మనుషుల్ని తగ్గించు" అన్నాడతను.

అబ్రహాము భార్య ముఖం చూడకుండా, "మణీ, నువ్వు రవంత..." అన్నాడు.

"పెళ్లయిన ముప్పై ఏళ్లకు నేను బరువయినానా?" అని ఏసుమణి తలుపు ధడాలున వేసి దిగింది. వదినను ఒంటరిగా వదల్లేక పుష్పకుమారీ దిగింది. చప్పుడు ఆగలేదు. కేకు పెట్టె దించారు. స్టెప్నీ తీసి రోడ్డు పక్క బడ్డీకొట్టులో పెట్టారు. అయినా బర్రుమంటూనే ఉంది. తొమ్మిదీ నలభై. చర్చి ఇంకా రెండు కిలోమీటర్లు. ఫోన్ చేస్తే ఒక్క ఆటో రాలేదు. అబ్రహాముకు ఏడుపొక్కటే తక్కువ.

అబిగయీలు ముసుగు పైకెత్తి, దిగి, కారు చుట్టూ తిరిగింది.

"మామా, ఇప్పుడు రాసుకునేది నీ పక్క చక్రం ఒకటే. ఇంగ దిగాల్సింది నువ్వే. నేను నెల్లూరులో రోజూ కారు నడిపేదాన్నే గదా, తాళం ఇయ్యి."

కాంటెస్సా కిక్కురుమనకుండా వెళ్లిపోయింది.

అన్న, చెల్లెలు, వదిన, కేకు పెట్టె నడిచి చేరేసరికి పదీ ఇరవై. పాస్టరు గారూ, పెళ్లికొడుకు జడ్సనూ కారు పక్కన నిలబడి ఉన్నారు. పెళ్లికూతురు మాత్రం స్టీరింగు ముందు నుంచి కదల్లేదు.

"మా మామ వచ్చి తలుపు తీస్తేనే దిగుతానని చెప్పినా."

చెమటకు చొక్కా తడిసిపోయిన అబ్రహాము తలుపు తీశాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నీ కారులోనే వచ్చినాలే మామా" అని ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"రేపే పాత చక్రాలు వేయిస్తా" అని ఆయన గొణిగాడు.

"తొందరేముంది?" అంది ఏసుమణి వెనక నుంచి. "డాక్టరు నెత్తీ నోరూ కొట్టుకున్నా నడవని మనిషి, ఈ పొద్దు రెండు కిలోమీటర్లు నడిచినారు."